అన్నీ నేనే చేసుకుంటాను

పోయినవారం మనం మేడమక్కని కేంద్రం వంటగదిలో, స్టూలు మీద, చేతిలో ఒక కవరుతో వదిలేసి వచ్చాం. మనం వారం రోజులు మన పనులు చూసుకున్నాం. ఆవిడకి మాత్రం ఇంకా అదే పూట, అదే స్టూలు. కవరులో ఉన్నది నాలుగు ముక్కలే. వార్డులోని ముసలివాళ్ళ కోసం పదకొండేళ్ళుగా నడుస్తున్న పెద్దల కేంద్రానికి వార్డు ఆఫీసు ఇచ్చే గ్రాంటు వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి ఆగిపోతుంది. సర్వేలో "అవసరం తక్కువ" అని తేలింది. అభ్యంతరాలుంటే గురువారం పదకొండు గంటలకి కమిటీ ముందు చెప్పుకోవచ్చు.

గ్రాంటు ఆగితే ఏమవుతుందో ఇప్పుడే కథలోకి వచ్చినవాళ్ళకి చెప్పాలి. వారానికి మూడుసార్లు ముసలివాళ్ళని ఇళ్ళ నుంచి కేంద్రానికి తీసుకొచ్చే వ్యాను ఆగుతుంది. కదలలేనివాళ్ళకి మధ్యాహ్నం ఇళ్ళకి వెళ్ళే భోజనం డబ్బాలు ఆగుతాయి. అన్నిటికంటే ముఖ్యంగా పొద్దుటి సాయం ఆగుతుంది. అంటే తెల్లవారగానే వరసగా ఒక్కో ఇంటికీ వచ్చి, మంచం మీద నుంచి లేపి, స్నానం చేయించి, బట్టలు తొడిగి, మాత్రలు మింగించి వెళ్ళడం. ఆడవాళ్ళ ఇళ్ళకి ఇద్దరు తోడికోడళ్ళు వెళ్తారు. ఇంట్లో ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోరు కానీ పనిలో నాలుగు చేతులూ ఒక్కలాగే కదులుతాయి. మగవాళ్ళ ఇళ్ళకి వ్యాను డ్రైవరే వెళ్తాడు. మొత్తం ముప్ఫై ఒక్క ఇళ్ళు.

ఇంతకీ మేడమక్క అన్నది ఆవిడ పేరు కాదు. ఆఫీసువాళ్ళు మేడమ్ అంటారు, ముసలివాళ్ళు అమ్మాయ్ అంటారు. డ్రైవరు గౌరవాన్నీ చనువునీ రెండిటినీ వదులుకోలేక మేడమక్క అన్నాడు, అదే నిలబడిపోయింది. యాభై నాలుగేళ్ళ మనిషి. ఈమధ్య మెట్లెక్కేటప్పుడు మోకాలి మీద చెయ్యి వేసుకుని ఎక్కుతోంది. నేను పెద్దవాళ్ళని చూసుకునేదాన్నా, పెద్దదాన్నయిపోయినదాన్నా అని తనే నవ్వుతుంది. కవరు వచ్చాక ఆ నవ్వూ లేదు.

మంగళవారం పొద్దున ఆవిడ వార్డు ఆఫీసు రెండో అంతస్తులో ఆరో కిటికీ దగ్గరికి వెళ్ళింది. సర్వే చేసిన ఆయన అక్కడే కూర్చుంటాడు. కళ్ళజోడు కాడ విరిగితే దారం కట్టుకున్నాడు. రిటైరవడానికి ఇంకా నాలుగు నెలలుంది, ఈలోగా కొత్తది కొనడం దండగనుకున్నాడేమో.

"కూర్చోండి మేడమ్. మీరొస్తారని తెలుసు. కోపంగా వస్తారనీ తెలుసు," అన్నాడు.

"కోప్పడే ఓపిక కూడా లేదండీ. ఎక్కడ తేడా వచ్చిందో చెప్పండి, చాలు."

ఆయన బీరువాలోంచి ఒక ఫైలు తీసి ఆవిడ ముందు పెట్టాడు. ముప్ఫై ఒక్క ఫారాలు. ఒక్కో దానిలో పది ప్రశ్నలు. సొంతంగా స్నానం చేయగలరా, వంట చేసుకోగలరా, మెట్లు దిగగలరా, మరుగుదొడ్డికి వెళ్ళి రాగలరా, ఇలాంటివి. ఒక్కోదాని పక్కన మూడు గడులు. సొంతంగా చేసుకోగలను, సాయం కావాలి, అస్సలు చేయలేను. మేడమక్క మొదటి ఫారం చూసింది. పది టిక్కులూ మొదటి గడిలోనే ఉన్నాయి. రెండోదీ అంతే. అయిదో ఫారం దగ్గరికి వచ్చేసరికి ఆవిడ పేజీలు తిప్పడం మానేసి చివరి నుంచి చూసింది. చివర్నించీ అంతే.

"ఇది దర్జీ మాస్టారిది కదా," అంది ఒకటి పైకి తీసి. "గుండీలు, జిప్పులు పెట్టుకోగలరా అంటే పెట్టుకోగలను అని ఉంది. ఈయన చేతిలో చెంచా నిలవదండీ. రెండేళ్ళయింది."

"నేను వెళ్ళేసరికి కోటు వేసుకుని ఉన్నారు. గుండీలన్నీ పెట్టుకుని ఉన్నారు. గుమ్మందాకా వచ్చి నాకు కుర్చీ చూపించారు."

"ఆ కోటు మా డ్రైవరు తొడిగాడు."

"మీ డ్రైవరు అప్పుడక్కడ లేడు కదా మేడమ్. నేను చూసింది రాయాలి, వాళ్ళు చెప్పింది రాయాలి. చూడనిది రాయడానికి ఫారంలో జాగా లేదు."

మేడమక్క ఇంకో ఫారం తీసింది. అది మూడో అంతస్తు పెద్దమ్మది. ఆవిడ మంచం దిగి పద్నాలుగు నెలలైంది. ఆవిడ ఫారంలో కూడా మెట్లు దిగగలను అని ఉంది.

"మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చున్నారు. చక్కగా తల దువ్వుకున్నారు," అన్నాడు ఆయన. "అన్నీ నేనే చేసుకుంటాను నాయనా అన్నారు. ఏదీ, ఒకసారి లేచి నడవండి అని అంత పెద్దావిడని అడగడానికి నాకు నోరు రాలేదు." ఆయన కళ్ళజోడు తీసి దారం సరిచేసుకున్నాడు. "ముప్ఫై ఏళ్ళుగా ఇళ్ళు తిరుగుతున్నాను మేడమ్. ముప్ఫై ఒక్క ఇళ్ళల్లో ఒక్క దాంట్లోనైనా నలిగిన పక్క లేదు, కడగని గ్లాసు లేదు. పెళ్ళివారొస్తున్న ఇళ్ళలా ఉన్నాయి. వీళ్ళందరికీ ఒకేసారి ఇంత శుభ్రం ఎక్కడి నుంచి వచ్చిందా అనుకున్నాను."

ఎక్కడి నుంచి వచ్చిందో మేడమక్కకి అప్పుడు తెలిసింది. తెలిసిన క్షణాన ఆవిడ చేతిలో ఉన్న ఫారం కింద పెట్టేసి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

పదేళ్ళుగా ఏటా ఒకసారి ఆఫీసు నుంచి ఎవరో ఒకరు కేంద్రం చూడటానికి వచ్చేవాళ్ళు. నేల మెరవాలి, ముసలివాళ్ళు నవ్వాలి, ఒక ఫోటో తీసుకోవాలి, గ్రాంటు కొనసాగాలి. ఇదీ పద్ధతి. ఈ ఏడు పద్ధతి మారిందని పదకొండు పేజీల కాగితం ఒకటి వచ్చింది. ఆ వారం వంటమనిషి జ్వరంతో పడుకుంటే డబ్బాలన్నీ మేడమక్కే సర్దింది. కాగితంలో తేదీ వరకూ చదివి మిగతాది తర్వాత చూద్దామనుకుంది. ఆ తర్వాత అన్నది రాలేదు. సర్వేకి రెండు రోజుల ముందు మాత్రం వ్యానెక్కి ముప్ఫై ఒక్క ఇళ్ళూ తిరిగింది. "ఆఫీసువాళ్ళు ఇళ్ళకే వస్తున్నారు. కాస్త నీటుగా ఉండండి. అది లేదు, ఇది లేదు అని గొణక్కండి. మన కేంద్రం పరువు మీ చేతుల్లో ఉంది," అని ఒక్కొక్కరికీ చెప్పింది. ఆ రోజు తోడికోడళ్ళనీ డ్రైవరునీ ఒక గంట ముందే పంపింది. వాళ్ళు పనెంత బాగా చేశారంటే, వాళ్ళ పని అవసరమే లేదని సర్వేలో తేలింది. కొరివితో తల గోక్కోవడం అంటే ఏమిటో ఇన్నాళ్ళకి ఆవిడకి తెలిసొచ్చింది.

"అందరికీ అలా ఉండమని నేనే..." అని మొదలుపెట్టింది.

"మేడమ్," అని ఆయన అడ్డుకున్నాడు. గొంతు తగ్గించి, "ఆ మాట నేను వినలేదు. మీరింకెక్కడా అనకండి. కేంద్రం నడిపేవాళ్ళు సర్వేకి ముందు ఇళ్ళకెళ్ళి సర్వే సంగతి మాట్లాడితే వాళ్ళని ఆ పనిలోంచి తీసేస్తారు. ఆ పదకొండు పేజీల్లో అది కూడా ఉంది," అన్నాడు.

"మరి నేను గురువారం ఏం చెప్పాలి?"

"మీరు చెప్తే చెల్లదు. సాయం తీసుకునేవాళ్ళలో ఒకరు రావాలి. ఆ రోజు నేను చెప్పింది నిజం కాదు, నాకు ఇది చేతకాదు అని తన నోటితో చెప్పాలి. అప్పుడు కమిటీ కావాలనుకుంటే సర్వే మళ్ళీ చేయిస్తుంది."

"అందరి ముందా?"

"కమిటీ ముందు. వార్డులో ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. తలుపులు తెరిచే ఉంటాయి."

ఆయన ఇంకేదో చెప్పబోయి ఆగాడు. మేడమక్క అది గమనించే స్థితిలో లేదు. మోకాలి మీద చెయ్యి వేసుకుని లేచి, వచ్చిన మెట్లన్నీ దిగింది.

బుధవారం సాయంత్రానికి ఆవిడ తొమ్మిది ఇళ్ళు తిరిగింది. తొమ్మిదిళ్ళల్లోనూ ఒకటే సమాధానం. ఒకాయన నవ్వి మాట మార్చాడు. ఒకావిడ ఏడ్చింది. ఇంకొకావిడ, అమ్మాయ్, నన్ను ఎవరు కడుగుతున్నారో ఊరికి చెప్పుకోవడం కంటే కడక్కుండా పోవడం మేలు అంది.  పదో ఇల్లు దర్జీ మాస్టారిది.

ఆయన ఉండేది కింది అంతస్తులో ఒక్క గది. ఒకప్పుడు అదే ఆయన షాపు. మిషను ఎవరికో ఇచ్చేశాడు కానీ, బట్టలు తొడుక్కుని చూసుకునే మూడు రెక్కల నిలువుటద్దం మాత్రం ఉంచుకున్నాడు. దానిమీద పాత దుప్పటి కప్పి ఉంటుంది. ఎనభై రెండేళ్ళొచ్చినా నడుం వంగలేదు. చేతులే ఎదురుతిరిగాయి. వేళ్ళు లోపలికి ముడుచుకుపోయి, దేన్ని పట్టుకోబోయినా వణుకుతాయి. వార్డులో నలభై ఏళ్ళపాటు పెళ్ళికొడుకులందరికీ కోట్లు కుట్టిన చేతులవి.

మేడమక్క సంగతంతా చెప్పింది. 

"అయిందా?" అన్నాడు చివర్న.

"అయింది బాబాయ్."

"రాను."

"ఎందుకో చెప్పండి."

"చెప్తాను. ఆ కమిటీ చైర్మన్ పెళ్ళికోటు నేనే కుట్టాను. వాడికి ఎడమ భుజం రెండు వేళ్ళు పల్లం. లోపల మెత్తవేసి సరిచేశాను. పెళ్ళానికి కూడా తెలీదు. కమిటీలో ఇంకొకాయన ఉన్నాడు, పొట్ట కొలత పైకి చదవొద్దని నా చెయ్యి పట్టుకునేవాడు. నేను ఎవరి కొలతా ఎవరికీ చెప్పలేదమ్మాయ్. దర్జీ అన్నవాడికి చెయ్యెంత ముఖ్యమో నోరు మూసుకోవడం అంత ముఖ్యం. ఊరందరి గుట్టూ దాచినవాణ్ణి, ఇప్పుడు నా గుట్టు నన్నే నడిబజార్లో విప్పమంటావు."

"ఒక్కసారే బాబాయ్."

"ఒక్కసారి విప్పితే చాలదా ఏం? మళ్ళీ మళ్ళీ విప్పాలా?"

మేడమక్కకి ఇంక బతిమాలే శక్తి లేదు. ఇంకేదైనా చెప్దామనుకుంది కానీ పొద్దుట్నించి చెప్పిన మాటలే నోట్లో తిరుగుతున్నాయి. గోడకి ఆనించి ఉన్న బల్ల మీద కూర్చుంది. కాళ్ళు జాపుకుంది. పెద్దవాళ్ళ ముందు అలా ఎప్పుడూ కూర్చోలేదు.

"తప్పు నాది," అంది కాసేపటికి. "నీటుగా ఉండండి, గొణక్కండి అని నేనే చెప్పాను. ఆ పదకొండు పేజీలూ చదివుంటే ఇలా అయ్యేది కాదు. మీరు నేను చెప్పినట్టే చేశారు."

"నువ్వు చెప్పావని చేశామనుకుంటున్నావా?" అన్నాడు మాస్టారు. "నువ్వు చెప్పకపోయినా నేనదే అనేవాణ్ణి. వాడెవడో కాగితం పట్టుకొచ్చి, మీ గుండీలు మీరు పెట్టుకోగలరా అని దర్జీని అడిగాడు. ఏం చెప్పమంటావు?"

మేడమక్క జాపిన కాళ్ళు దగ్గరికి లాక్కుంది. ఆయన ఆవిడ మొహం వైపు చూసి, "పొద్దుట్నించి ఏమైనా తిన్నావా?" అన్నాడు.

"గుర్తులేదు."

"ఊళ్ళో అందరికీ డబ్బాలు పంపిస్తావు. నీ డబ్బా ఎవరు పంపాలి?"

ఆవిడ దానికి నవ్వలేకపోయింది. పదకొండేళ్ళుగా తను ఎంత అలిసిపోయిందో ఆ ఒక్క ప్రశ్నతో ఆవిడకి ఒంట్లో తెలిసింది. ఏటా ఆ ఆఫీసు మెట్లెక్కి నిలబడి అడగడం, సరే చూద్దాం అంటే తలూపి రావడం. అడిగేది తన కోసం కాకపోయినా సిగ్గు మాత్రం తనదే.

"మూడో అంతస్తు ఆవిడ ఏమని చెప్పిందట?" అని అడిగాడు మాస్టారు ఉన్నట్టుండి.

"మీరు చెప్పిందే."

"ఆవిడ మంచం దిగదుగా?"

"దిగదు. మంచం మీదే కూర్చుని, మెట్లన్నీ దిగుతాను నాయనా, అన్నీ నేనే చేసుకుంటాను అందట."

మాస్టారు ఆవిడ వంక చూశాడు. ఆవిడ ఆయన వంక చూసింది. ముందు ఎవరు మొదలుపెట్టారో తెలీదు కానీ ఇద్దరికీ నవ్వు పుట్టుకొచ్చింది. గట్టి నవ్వు కాదు, ఆపుకోలేని నవ్వు. మాస్టారు ముడుచుకున్న చేతి వెనకతో కళ్ళు తుడుచుకున్నాడు. "ఏ మెట్లు దిగుతుందట? మంచానికి మెట్లున్నాయా?" అన్నాడు. మళ్ళీ నవ్వాడు. నవ్వి నవ్వి ఇద్దరూ అలిసిపోయారు.

"పొద్దుటి సాయం ఆగిపోతే ఆవిడ ఎన్నాళ్ళుంటుంది?" అన్నాడు.

"నాకు తెలీదు బాబాయ్. ఎక్కువ రోజులు ఉండదు."

ఆయన దుప్పటి కప్పిన అద్దం వైపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత, "రేపు ఎన్ని గంటలకన్నావు?" అని అడిగాడు.

గురువారం పదకొండు అవడానికి అయిదు నిమిషాలుందనగా డ్రైవరు మాస్టారిని కమిటీ గది గుమ్మందాకా నడిపించుకొచ్చాడు. మేడమక్క చూసి, చూసింది నమ్మలేక మళ్ళీ చూసింది. మాస్టారు నల్లకోటు వేసుకుని ఉన్నాడు. చక్కటి ఇస్త్రీ. నాలుగు గుండీలూ పెట్టి ఉన్నాయి.

"ఇదేంటి?" అంది డ్రైవర్ని పక్కకి లాగి.

"నేనేం చెయ్యను మేడమక్కా? కోటు లేకుండా గడప దాటనని కూర్చున్నారు. తొడిగాను. గుండీలు నా చేతులు వాటంతట అవే పెట్టేశాయి. పెట్టాక గుర్తొచ్చింది. విప్పుదామంటే ఆయన ఒప్పుకోలేదు."

పదేళ్ళ అలవాటు ఒక్క రోజు మానమంటే మానుతుందా? గదిలో జనం బాగానే ఉన్నారు. గోడ వారగా ఉన్న బెంచీ మీద సర్వే ఆయన ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పొడుగాటి బల్ల వెనక ఏడుగురు. మధ్యలో చైర్మన్. అతను మాస్టారిని చూడగానే సగం లేచి, గుమాస్తా వైపు చూసి మళ్ళీ కూర్చున్నాడు.

గుమాస్తా పద్ధతి చదివాడు. చెప్పేవాళ్ళు తమంతట తామే చెప్పాలి. పక్కనుంచి ఎవరూ అందించకూడదు, ముట్టుకోకూడదు. అలా చేస్తే చెప్పింది చెల్లదు.

"చెప్పండి మాస్టారూ," అన్నాడు చైర్మన్.

"ఆ రోజు ఈయనకి నేను చెప్పింది నిజం కాదండీ," అన్నాడు మాస్టారు, సర్వే ఆయన వైపు గడ్డంతో చూపించి. "నాకు స్నానం డ్రైవరు చేయిస్తాడు. అన్నం చెంచాతో తినలేను, వంగి తింటాను. బట్టలు ఆయనే తొడుగుతాడు. అంతే."

బల్ల చివర కూర్చున్న సభ్యుడొకడు కాగితం చూస్తూ, "ఇక్కడ గుండీలు పెట్టుకోగలను అని ఉంది. ఇప్పుడూ పెట్టుకునే వచ్చారు. మేం ఏది నమ్మాలి?" అన్నాడు. అడగడం మర్యాదగానే అడిగాడు, అదే ఇంకా బాధగా ఉంది.

మాస్టారు అతని వైపు తిరిగాడు. "చూపిస్తాను," అని రెండు చేతులూ ఎత్తి పై గుండీ మీద పెట్టాడు.

కోటు కుట్టింది ఆయనే. కాజా కొంచెం బిగువుగా ఉంటేనే గుండీ ఏళ్ళ తరబడి నిలుస్తుందని నమ్మిన మనిషి. ఆ బిగువు ఇప్పుడు ఆయనకే అడ్డమొచ్చింది. వేళ్ళు గుండీ దాకా వచ్చి జారిపోయాయి. మళ్ళీ వచ్చాయి, మళ్ళీ జారాయి. బొటనవేలితో కింద నుంచి తోద్దామని చూశాడు, వేలు కోటు మీద గీసుకుంటూ పక్కకి పోయింది.  ఆయన నటించడం లేదు. నిజంగానే విప్పాలని చూస్తున్నాడు. ఒక్కటైనా విప్పి చూపించాలన్న పంతం ఆయన మెడ నరాల్లో కనిపిస్తోంది. నుదుటి మీద చెమట పట్టింది.

మేడమక్క రెండు చేతులూ కుర్చీ కింద పెట్టి గట్టిగా పట్టుకుంది. లేచి వెళ్ళి ఒక్క చిటికెలో ఆ గుండీ తీసెయ్యగలదు. తీస్తే అంతా పోతుంది. ఎవరికైనా సాయం చెయ్యకుండా కూర్చోవడం ఇంత కష్టమని ఆవిడకి ఇన్నేళ్ళలో తెలీదు. పక్కన డ్రైవరు తల దించుకుని నేలని చూస్తున్నాడు.

"చాలు మాస్టారూ," అన్నాడు చైర్మన్. 

"ఇంకొక్కసారి చూస్తానండీ."

"చాలు. దయచేసి కూర్చోండి."

మాస్టారు చేతులు దించుకున్నాడు. "ఇదండీ సంగతి," అని కూర్చున్నాడు. సిగ్గుపడినట్టు లేడు, బాగా అలిసినట్టున్నాడు.

బల్ల వెనక కాసేపు గుసగుసలు నడిచాయి. తర్వాత గుమాస్తా లేచి చదివాడు. "వచ్చిన మనిషికి సాయం కొనసాగించడానికి కమిటీ ఒప్పుకుంటోంది. మిగిలిన ముప్ఫై మంది విషయంలో సర్వే మార్చాలంటే, అందరూ తప్పు చెప్పడానికి ఉమ్మడి కారణం ఏదైనా ఉందని తెలియాలి. లేకపోతే వాళ్ళ ఫారాలు అలాగే ఉంటాయి."

చైర్మన్ ముందుకు వంగాడు. "మాస్టారూ, ఒక్క మాట. ఆ రోజు అలా చెప్పమని మీకు ఎవరైనా చెప్పారా?"

మాస్టారు మేడమక్క వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఎంత జాగ్రత్తపడ్డాడో ఆవిడకి అర్థమైంది. "ఎవరూ చెప్పలేదండీ. అది నా గొప్ప," అన్నాడు.

ఊరందరి గుట్టూ దాచిన మనిషి ఇంకొకటి దాచాడు. దాచి, తనొక్కడే ఒడ్డున పడ్డాడు. మూడో అంతస్తు పెద్దమ్మతో కలిపి ముప్ఫై మంది నీళ్ళల్లోనే ఉన్నారు. మేడమక్కకి లెక్క చాలా తేలిగ్గా తెలిసిపోయింది. నోరు మూసుకుంటే ఉద్యోగం ఉంటుంది కానీ చెయ్యడానికి పనుండదు. నోరు విప్పితే పనుంటుంది, తను ఉండదు. ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసుకుని లేచింది.

"మేడమక్కా, వద్దు," అన్నాడు డ్రైవరు లోగొంతుకతో. ఆయనకి రూలేమీ తెలీదు. ఆవిడ మొహం చూసి అన్నాడు.

"నేను చెప్పానండీ," అంది. "సర్వేకి రెండు రోజుల ముందు ముప్ఫై ఒక్క ఇళ్ళూ తిరిగి, నీటుగా ఉండండి, ఏదీ లేదని చెప్పకండి అని అందరికీ చెప్పింది నేనే. మంచి ఉద్దేశంతోనే చెప్పాను. కాగితం చదవకుండా చెప్పాను."

"అమ్మాయ్, కూర్చో," అన్నాడు మాస్టారు.

"లేదు బాబాయ్. మీరు చెప్పారు కదా. ఇప్పుడు నా వంతు."

గుమాస్తా పుస్తకం తిరగేశాడు. వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు. చైర్మన్ దాన్ని ఒకసారి చదివి, ఇంకోసారి చదివి, తలెత్తకుండానే మాట్లాడాడు. "సర్వే మళ్ళీ జరుగుతుంది. ముప్ఫై ఇళ్ళల్లోనూ జరుగుతుంది. అది అయ్యేదాకా సాయం ఆగదు. మీరు మాత్రం ఈ రోజు నుంచి కేంద్రం బాధ్యతల్లో ఉండరు. ఆ ఇళ్ళకి వెళ్ళడానికి వీల్లేదు. వాళ్ళతో మాట్లాడటానికీ వీల్లేదు."

"సరేనండీ," అంది మేడమక్క.

అంత తేలిగ్గా ఆ మాట ఎలా వచ్చిందో ఆవిడకే తెలీదు. రేపు పొద్దున అయిదింటికి లేవక్కర్లేదు అన్న ఆలోచన ముందు వచ్చింది. ఆ వెనకే, రేపు పొద్దున తను ఎవరికీ ఏమీ కాదన్న ఆలోచన వచ్చింది. అప్పుడు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సంచీ భుజాన వేసుకుని తలుపు వైపు నడిచింది. మాస్టారు పక్కనుంచి వెళ్తూ ఆయనతో ఏదైనా అందామనుకుని, అనకూడదని గుర్తొచ్చి, ఊరుకుంది.

"మేడమ్, ఒక్క నిమిషం ఆగండి," అన్నారెవరో.

బెంచీ మీద నుంచి సర్వే ఆయన లేచి నిలబడ్డాడు. కళ్ళజోడు చేతిలో పట్టుకున్నాడు, అది లేకపోతే ఎవరి మొహమూ సరిగ్గా కనబడదన్నట్టు, కనబడకపోవడమే నయమన్నట్టు.

"నాకు నాలుగు నెలల్లో రిటైర్మెంటు. మాట్లాడకుండా వెళ్ళిపోదామనుకున్నాను," అన్నాడు. "ఆవిడ చెప్పింది నిజమే. కానీ ఆవిడ చెప్పకపోయినా ఆ ఫారాలు అలాగే వచ్చేవి. ఏ ఇంటికీ తొమ్మిదిన్నరకి ముందు వెళ్ళొద్దని నాకు చెప్పారు. పొద్దుటి సాయం చేసేవాళ్ళు వచ్చి వెళ్ళాకే వెళ్ళమన్నారు. ఎందుకండీ అని అడిగితే, మీకనవసరం అన్నారు. ఆ మాట చెప్పినవాళ్ళు ఈ గదిలోనే, ఆ బల్ల వెనకే ఉన్నారు."

ఏడుగురిలో ఆరుగురు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఏడో మనిషి, ఇందాక గుండీల సంగతి అడిగిన బల్ల చివరి సభ్యుడు, ముందున్న కాగితాలు సర్దుకుని, కుర్చీ వెనక్కి జరిపి లేచాడు.